తోడు పెట్టిన కూడు

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. ఏ సర్కసు ఏనుగు గురించో, పందెం గుర్రం గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఒక కుక్క విరేచనాల గురించి మొదలుపెడతాను. సగం మంది అక్కడే కాఫీ గ్లాసు కింద పెట్టేస్తారు. మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను. ఈ వృత్తిలో నిలిచేది వాళ్ళే.

నేను బళ్ళారి వాణ్ణే. మా తాత మిషన్ బడిలో తెలుగు పంతులు. నాన్న ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు, మిగతా ఆరు రోజులు ఒక మిల్లులో గుమాస్తా. మద్రాసులో చదువు ముగించుకుని, అరవైల మొదట్లో మా ఊరి పశువుల ఆసుపత్రిలోనే చిన్న డాక్టరుగా చేరాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎక్కడెక్కడికి బదిలీ అయింది అన్న సంగతులు మీకు ఎందుకూ పనికిరావు. వాటిని వదిలేస్తున్నాను.

గాడి చూస్తివా?

మా పెద్ద డాక్టరు గురుసిద్దప్పగారికి మాటలు తక్కువ. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. ఏ పశువు గురించి చెప్పినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "గాడి చూస్తివేమప్పా?" పశువు మేత మేసే గాడి. జ్వరం ఎంత, నాడి ఎంత అన్నవన్నీ ఆ తర్వాతే.

చేరిన కొత్తలో నాకది ముసలాయన చాదస్తంలా ఉండేది. కెంచనగుడ్డ నుంచి ఒక రైతు వచ్చాడు. జత ఎద్దుల్లో తెల్లది చిక్కిపోతోంది, ఎర్రది నిగనిగలాడుతోంది. కడుపులో పురుగులేమోనని నేను తెల్లదానికి నట్టల మందు పోయించాను. బలానికి ఇంకో మందు ఇచ్చాను. రెండు నెలలైనా ఫలితం లేదు. పెద్ద డాక్టరు నన్ను వెంటబెట్టుకుని కెంచనగుడ్డ వెళ్ళి, కొట్టం ముందు బండ మీద కూర్చుని, "మేత వెయ్యప్పా" అన్నాడు. ఎర్రెద్దు గాడికి అడ్డంగా నిలబడి మెడ ఒకసారి తిప్పింది. తెల్లెద్దు కోడలిలా నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఎర్రది తిని వదిలిన ఎండు దంట్లు దీని వంతు.

"మందు బేకైనది ఎద్దుకు గాదప్పా, గాడికి. నడుమ అడ్డం కట్టుకోండి," అని చెప్పి ఆయన లేచాడు. రైతు రెండు వెదురు బొంగులు అడ్డం కట్టాడు. నెల తిరిగేసరికి తెల్లెద్దు కోలుకుంది.

ఆ రోజు నాకు తల తీసేసినట్టయింది. గాడి చూడటం నేర్చేసుకున్నానని అనుకున్నాను. ఎంత వరకు నేర్చుకున్నానో మునసబు వచ్చాక తెలిసింది.

మునసబు

మా జిల్లాలో నది మీద కట్టిన డ్యాము నీళ్ళు కాలవల్లోకి వదిలాక కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు మా వైపు వచ్చి, భూములు కొని, జొన్న పండే చోట వరి వేశాయి. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోట్లను అందరూ క్యాంపులనే పిలిచేవారు. కురుగోడు దాటాక అలాంటి ఒక క్యాంపులో ఉండేవాళ్ళు వెంకట్రామయ్య, సుబ్బాయమ్మ దంపతులు.

ఒకరోజు ఉదయం సుబ్బాయమ్మ, మిల్లుకు ధాన్యం తెచ్చే లారీలో వచ్చి ఆసుపత్రి ముందు దిగింది. ముప్పై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు.

"డాక్టరు గారూ, మా మునసబుకి ఒంట్లో బాగోలేదండి. లారీలో ఉన్నాడు, దింపాలి," అంది.

ఎవరో పెద్దమనిషి అనుకుని, మనుషుల ఆసుపత్రికి దారి చెప్పబోయాను. లారీలోంచి గోనెపట్టా మీద దింపింది ఒక ఆల్సేషన్ కుక్కని. డ్యాము పని అయిపోయి వెళ్ళిపోతూ ఒక ఇంజనీరుగారు వీళ్ళకు ఇచ్చిన పిల్ల. రోజూ పొద్దున్నే గట్ల మీద తిరిగి పొలమంతా తనిఖీ చేస్తుందని దానికా పేరు పెట్టారు.

రెండేళ్ళ కుక్క. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. కానీ కళ్ళు చురుగ్గా ఉన్నాయి. జ్వరం లేదు, దగ్గు లేదు. ఆకలి మాత్రం చెప్పలేనంత. నేను పరీక్ష చేస్తుంటే నా చేతి గుడ్డను నమలబోయింది. ఇంట్లో కుండెడు అన్నం తిని, గేదెల కుడితి తాగి, చివరికి తన మలాన్ని తానే తినబోతుందని చెప్పేటప్పుడు సుబ్బాయమ్మ గొంతు తగ్గించింది. ఆ మలం నా ఎదురుగానే చూశాను. బూడిద రంగు, పైన నూనె మెరుపు, పులిసిన వాసన. తిన్నదానికంటే ఎక్కువే బయటికి వస్తోందనిపించింది.

"దీనికి తిన్నది వంటబట్టడం లేదండి," అంది సుబ్బాయమ్మ.

ఆమె ఆ రోజు చెప్పిన ఆ ఒక్క ముక్కే అసలు రోగ నిర్ణయం. నేను వినలేదు. చిక్కిన కుక్క అనగానే నట్టలు అనుకోవడం మాకు అలవాటు. నట్టల మందు ఇచ్చాను. పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇచ్చాను. మూడోసారి వెంకట్రామయ్య కూడా వచ్చాడు. చెడ్డవాడు కాదు, విసిగిపోయిన మనిషి.

"తిండి ఇద్దరు మనుషులదండి, ఒళ్ళేమో కాకిది. ఇంటి చుట్టూ వాసన. చుట్టాలు వచ్చి కూర్చోలేకపోతున్నారు. దాని బాధ మేం చూడలేం. ఓ సూది వేసి పంపించెయ్యండి డాక్టరు గారూ."

సుబ్బాయమ్మ అతనివైపు చూడలేదు, నావైపే చూసింది.

"మేం వచ్చిన మొదటి ఏడాది ఈయన ఎప్పుడూ పొలం మీదేనండి. గుడిసెలో నేనూ, ఇదీ. చుట్టుపక్కల వాళ్ళు మాట్లాడేదీ తెలుగేనంటారు, నాకు సగం బోధపడేది కాదు. ఏడుపొచ్చేది. నా మాట అర్థమయ్యేది దీనికొక్కదానికే. దీన్ని నేను సూదికి ఇవ్వనండి. మీకు చేతకాకపోతే చేతకాదని చెప్పండి, ఇంకెక్కడికైనా తీసుకుపోతాను."

చేతకాదని చెప్పడానికి నాకు వయసు చాలలేదు. నెల రోజులు గడువు ఇమ్మని అడిగాను. "నెల దాటితే మాత్రం సూదేనండి," అని భార్య ముందే వెంకట్రామయ్య నా దగ్గర మాట తీసుకున్నాడు.

నల్ల ఫిల్ము మీద చుక్కలు

ఆ రోజు కాలేజీ నోటు పుస్తకాలన్నీ తిరగేశాను. కడుపు దాటగానే పేగు తిరిగే మొదటి వంకలో, పలచగా పరుచుకుని లేత గులాబి రంగులో ఒక గ్రంథి ఉంటుంది. క్లోమం అంటారు. అది ఊరించే రసాలే అన్నాన్ని, మాంసాన్ని, కొవ్వును అరిగిస్తాయి. అది ఎండిపోతే ఎంత తిన్నా తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది. కడుపు నిండా తింటూ ఆకలితో చచ్చిపోవడమంటే అదే. ఆల్సేషన్లలో ఈ జబ్బు ఎక్కువని మా మాస్టారు చెప్పినట్టు నా చేతిరాతలోనే ఉంది. ఇన్నాళ్ళూ నా అలమారాలోనే ఉంది.

దీన్ని పట్టుకోవడానికి చవకైన పరీక్ష ఒకటి ఉండేది. వాడేసిన ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి పూత ఉంటుంది కదా, అది ఒక రకం జిగురుతో పట్టి ఉంటుంది. కుక్క మలాన్ని కాస్త వంటసోడా కలిపిన నీళ్ళలో కలిపి ఆ ఫిల్ము మీద చుక్క వెయ్యాలి. గంటా రెండు గంటలు గోరువెచ్చగా ఉంచి కడగాలి. క్లోమరసం ఉంటే జిగురును తినేసి, చుక్క పెట్టిన చోట ఫిల్ము కిటికీలా తెల్లబడుతుంది. లేకపోతే నల్లగానే ఉంటుంది.

మా చర్చికి వచ్చే ఎక్స్‌రే కంపౌండరు దగ్గర పాత ఫిల్ములు తెచ్చాను. మునసబు మలం ఒక చుక్క, మంచి కుక్కది ఒక చుక్క, ఉత్త నీళ్ళది ఒక చుక్క. గోరువెచ్చగా ఉండాలని ఎండలో పెట్టాను. గంట తర్వాత కడిగితే మూడు చోట్లా పూత ఊడొచ్చింది. పెద్ద డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "బళ్ళారి ఎండలో నీళ్ళకు కూడా అరిగించే శక్తి వస్తాదప్పా. నీడలో పెట్టు," అన్నాడు. నీళ్ళ చుక్క పెట్టి ఉండకపోతే ఆ రోజే నేను తప్పుడు నిర్ణయానికి వచ్చేవాణ్ణి. పిల్లలూ, పరీక్ష చేసినప్పుడల్లా ఆ మూడో చుక్క మరిచిపోకండి.

నీడలో పెట్టి చేశాను. మంచి కుక్క చుక్క కింద కిటికీ తెరుచుకుంది. మునసబు చుక్క కింద అంతా నల్లన.

ఖాజా సాబ్ పొట్లం

జబ్బు తెలిసింది. మందు? ఎండబెట్టిన క్లోమం పొడి సీసాల్లో దొరుకుతుందని చదవడమే తప్ప మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. పుస్తకంలో ఇంకో దారి ఉంది. గొర్రెలవో, పందులవో క్లోమాలు తిండిలో కలిపి పెట్టమన్నారు. పోగొట్టుకున్న రసాన్ని పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకోవడం లాంటిది.

కౌల్ బజార్‌లో ఖాజా సాబ్ మాంసం దుకాణానికి వెళ్ళాను. నేను వర్ణించి చెబితే మొదట తిల్లి, అంటే ప్లీహం, తీసి ఇచ్చాడు, అది వేరే. చివరికి నేనే చేతులు కడుక్కుని, గొర్రె పేగు మొదటి వంక దగ్గర వేలితో చూపించాను.

"క్యా సాబ్, ఇదా? దీన్ని ఈడ ఎవురూ అడగరప్పా. పేగులతో పాటు పారేస్తాము. దీంట్లో మందు ఉండాదా?"

"ఉండాది ఖాజా సాబ్. ఒక కుక్క బతకాల."

ఆయన కత్తి పక్కన పెట్టి దాన్ని అరచేతిలో వేసుకుని కాసేపు చూశాడు. "ముప్పై ఏండ్లు పారేసినా. అల్లా యాడ ఏం దాసిపెట్టినాడో మనకేం ఎరుక," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఖాజా సాబ్ చేసిన పని నేను మరిచిపోలేను. తెల్లవారగానే నాలుగు గొర్రెల క్లోమాలు కొవ్వు తీసి శుభ్రం చేసి, ముత్తుగాకులో, అదే మోదుగాకులో, చుట్టి, పైన తడిగుడ్డ కట్టి, కురుగోడు పోయే మొదటి బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాడు. ఒక్క రోజు తప్పలేదు. తన పండగ రోజు కూడా ముందు పొట్లం కట్టి, తర్వాత నమాజుకు వెళ్ళాడు. ఎన్నడూ చూడని కుక్క కోసం. పుస్తకాల్లో మందుల గురించి రాస్తారు కానీ, మందు రోగి దాకా చేరడానికి ఎన్ని చేతులు కావాలో రాయరు.

నేను సుబ్బాయమ్మకు కాగితం మీద రాసి ఇచ్చాను. "రోజూ పొట్లంలో సగం పొద్దున, సగం సాయంత్రం, సన్నగా తరిగి తిండిలో కలిపి పెట్టవలెను." సంతకం కూడా చేశాను, గొప్పగా.

పది రోజులు చూశాను. మార్పు లేదని కబురు వచ్చింది. ఇరవై రోజులు. మార్పు లేదు. ఇంకా చిక్కిందట. పుస్తకం అబద్ధమా, కుక్కకే ఆయువు లేదా? పెద్ద డాక్టరుకు చెప్పాను.

"గాడి చూస్తివేమప్పా?" అన్నాడు అలవాటుగా.

నేను నవ్వాను. "కుక్కకు గాడి యాడిది సార్?"

ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆఖరి పూట

నెల నిండింది. మాట ఇచ్చాను కాబట్టి నేనే బయల్దేరాను. సంచిలో పెద్ద సిరంజి, మందు సీసా, ఫిల్ము ముక్కలు. ఫిల్ము ఎందుకు పెట్టుకున్నానంటే, ఆఖరిసారి ఒక పరీక్ష చేసి మనసుకు సమాధానం చెప్పుకుందామని. బస్సులో కురుగోడు చేరి, అక్కడ అడిగి తీసుకున్న సైకిల్ మీద క్యాంపుకు వెళ్ళాను. బళ్ళారికి తిరుగు బస్సు సాయంత్రం నాలుగింటికి ఒకటే.

వెంకట్రామయ్య గడప దగ్గర ఎదురొచ్చాడు. "నేను చూడలేనండి. మీరు కానివ్వండి," అని మొహం తిప్పుకుని కాలవ వైపు వెళ్ళిపోయాడు. విసుక్కున్న మనిషి కళ్ళలో నీళ్ళు ఉన్నాయి.

మునసబు వసారాలో పడుకుని ఉంది. నన్ను చూసి లేవలేక తోక మాత్రం నేలకు కొట్టింది.

సుబ్బాయమ్మ ఏడవలేదు. "దాన్ని ఆకలితో పంపనండి. కడుపు నిండా పెట్టి పంపిస్తాను. కాస్త ఆగండి," అని వంటపాకలోకి వెళ్ళింది.

నులక మంచం మీద కూర్చున్నాను. అరగంట అయింది. గంట అయింది. వంటపాకలోంచి పొగ తప్ప ఏమీ రావడం లేదు. కుక్క తల నా చెప్పు మీద పెట్టుకుని పడుకుంది. చెయ్యబోయే పని తొందరగా అయిపోతే బాగుండనిపిస్తోంది. మూడవుతోంది. ఇక ఆగలేక లేచి వంటపాక దాకా వెళ్ళి తల వంచి లోపలికి చూశాను.

"ఇంకా ఎంతసేపమ్మా?"

పొయ్యి మీద మట్టి దాక. పసుపు నీళ్ళు అప్పుడే మరగడం మొదలైంది. ఆ నీళ్ళలో ఖాజా సాబ్ ముక్కలు బూడిద రంగుకు తిరిగి, బిరుసెక్కి, ఎగిరెగిరి పడుతున్నాయి.

"అదేంటమ్మా?"

"మీరు రాసిచ్చిన మందేగదండీ."

"ఉడకబెడుతున్నారా!"

"మరి? రోజూ ఉప్పుతో కడిగి, పసుపేసి, రెండు పొంగులు వచ్చేదాకా ఉడికించి, అప్పుడు అన్నంలో కలుపుతానండి. కుండ కూడా వేరే పెట్టాను."

అక్కడే గడప మీద కూలబడ్డాను. "పచ్చిదే పెట్టాలమ్మా. పచ్చిదే."

ఆమె గరిటె పట్టుకునే నావైపు తిరిగింది. "పచ్చిదా? ఎంత మాటండీ! పచ్చి నెత్తురు రుచి మరిగిన కుక్క రేపు దూడ మీద పడుతుంది. మా వైపు ఏ ఇంట్లోనూ పశువుల్ని కాసే కుక్కకి పచ్చి మాంసం ముట్టనివ్వరు. ఇక్కడ నాలుగు దూడలున్నాయండి. అయినా పచ్చిదని మీ కాగితంలో లేదే?"

లేదు. కౌల్ బజార్ దుకాణాల ముందు పచ్చి ముక్కలకు కొట్టుకునే కుక్కల్ని చూస్తూ పెరిగినవాణ్ణి. కుక్కకు మాంసం ఉడకబెట్టి పెట్టే ఇల్లు ఉంటుందని నా ఊహకే రాలేదు. ఆమె తప్పు ఏమీ లేదు. ఒక మంచి రైతు ఇల్లాలు చేయవలసినదంతా ఆమె చేసింది. ముప్పై రోజులు ఖాజా సాబ్ పంపిన ప్రాణాన్ని ముప్పై రోజులూ మరిగించి చంపించింది నా కాగితం.

"ఇందులో పచ్చిది ఏమైనా మిగిలిందా?" అని అడిగాను.

"సాయంత్రం పూటకని తీసిపెట్టింది ఉందండి," అని ఉట్టి మీది ముత్తుగాకు పొట్లం దించి ఇచ్చింది.

సుబ్బాయమ్మ కనిపెట్టింది

ఫిల్ము ముక్క తీశాను. పచ్చి ముక్క నూరిన నీళ్ళు ఒక చుక్క, ఉడికిన ముక్క నూరిన నీళ్ళు ఒక చుక్క, ఉత్త నీళ్ళు ఒక చుక్క. వంటపాక నీడలో పెట్టి ఇద్దరం కూర్చున్నాం. నాలుగింటి బస్సు పోయే ఉంటుంది. నేను పట్టించుకోలేదు.

కడిగి, తలుపు వైపు పట్టి చూపించాను. పచ్చి చుక్క దగ్గర గుండ్రటి కిటికీ. అందులోంచి కాలవ గట్టు కనిపిస్తోంది. ఉడికిన చుక్క, నీళ్ళ చుక్క రెండూ నల్లన. వేడికి అందులోని గుణం చచ్చిపోతుందని చెప్పడానికి నేను పెద్ద పెద్ద మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె ఫిల్మును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఓస్, ఇంతేనాండీ? తోడు లాంటిదన్నమాట. మరిగే పాలల్లో తోడేస్తే పెరుగవుతుందా? తోడు చచ్చి ఊరుకుంటుంది."

మద్రాసులో మూడు తరగతులు చెప్పిన పాఠం అది. ఆమె ఒక్క మాటలో చెప్పింది. అక్కడితో ఆగలేదు.

"అయితే కుక్క నోట్లో పచ్చిది పడాల్సిన పనేముందండీ? అన్నానికే తోడు పెడదాం. అది కడుపులో చేసే పనేదో కుండలోనే చేస్తుంది."

నా పుస్తకంలో ఆ మాట లేదు. ఆమె అన్నాన్ని మెత్తగా గంజిలా పిసికి, మోచేతితో వేడి చూసుకుని, పచ్చి ముక్కల్ని రోట్లో వెన్నలా నూరి అందులో కలిపి, మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచింది. పాలు తోడేసినంత జాగ్రత్తగా, కుండను కదపకుండా. గంట తర్వాత మూత తీస్తే గట్టి ముద్ద జావలా పలచబడి ఉంది. మా కళ్ళ ముందే కుండ అన్నం అరిగించింది. ముక్క అన్నది కనబడదు, నెత్తురు రుచి తెలియదు. దూడలకు భయం లేదు, కుక్కకు మందు అందుతుంది. ఆమె నమ్మకమూ చెడలేదు, నా శాస్త్రమూ చెడలేదు. ఇలా ముందుగానే తిండిని మందుతో నానబెట్టడం మంచి పద్ధతేనని చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో చదివాను. చదివి, "ఇది నాకు కురుగోడు పక్కన తెలుసు" అనుకున్నాను.

ఆ పూట వాళ్ళింట్లోనే భోంచేసి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. సంచిలో సీసా మూత తియ్యకుండానే వెనక్కి వచ్చింది.

వారానికి వెంకట్రామయ్య దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. "మునసబుగారి వ్యవహారం గట్టిపడినది. వాసన లేదు." అంతే రాశాడు. నేను దాన్ని పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను, నా నవ్వుతో సహా. "గాడి పొయ్యి మీద ఉండె సార్," అన్నాను.

నన్ను తిడతాడనుకున్నాను. ఆయన కార్డు రెండుసార్లు చదివి, "ఇన్నుమేలాదరూ నోడప్పా," అన్నాడు. ఇకమీదనైనా చూడమని. ఆ తర్వాత, "ఆ యమ్మను ఒకసారి నాకు చూపించు. మన కంటే బాగా చూసింది," అన్నాడు. ఆయన ఎవరినైనా అలా మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే.

మూడు నెలలకు మునసబు మళ్ళీ గట్ల మీద తనిఖీకి బయల్దేరింది.

సీసాలో వచ్చిన పొడి

కొన్నేళ్ళకు క్లోమం పొడి సీసాల్లో మద్రాసు నుంచి రావడం మొదలైంది. సులువే, కాదనను. బస్సు కండక్టరు అక్కర్లేదు. కానీ సులువైన మందుతోనే తప్పులు ఎక్కువ. వేడి వేడి అన్నంలో చల్లి, మందు పనిచెయ్యలేదని వచ్చినవాళ్ళు ఎందరో. అందరికీ నేను చెప్పేది ఒకటే మాట. "పాలు తోడు పెట్టే వేడి తెలుసా? అదే వేడి." ఇంకోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మా పాస్టరమ్మగారి పిల్లికి ఇదే జబ్బు వచ్చింది. పిల్లుల్లో అరుదు. పైగా పిల్లి కుక్కలాంటిది కాదు, వాసన నచ్చకపోతే పస్తైనా ఉంటుంది. పాస్టరమ్మగారు ప్రార్థన చేసి, దాని నోరు తెరిచి పొడి లోపల చల్లింది. నాలుగు రోజుల్లో పిల్లి మూతి పుండైంది. జిగురును తినే పొడి నాలుకను వదిలిపెడుతుందా? గోరువెచ్చని చేపల పులుసులో కలిపి కాసేపు ఉంచి పెట్టమన్నాను. పిల్లి తిన్నది, మూతి మానింది. ప్రార్థన వల్లనే అని ఆమె, పులుసు వల్లనే అని నేను.

ఈ మందు జబ్బును కుదర్చదని కూడా తెలుసుకోండి. ఉన్నన్నాళ్ళూ పెట్టాలి. బాగుపడింది కదా అని వారం మానేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ఇంకో సంగతి. చిక్కిన ప్రతి కుక్కకీ పరీక్ష చెయ్యకుండా ఈ పొడి రాసే డాక్టర్లను తర్వాత్తర్వాత చూశాను. నేను నట్టల మందు రాసినట్టే వాళ్ళు ఇది రాస్తున్నారు. మందు మారింది, బద్ధకం అదే.

పచ్చి కట్టెలు

మునసబు ఇంకో ఏడేళ్ళు బతికింది. ఏడేళ్ళూ సుబ్బాయమ్మ రోజుకు రెండు పూటలా కూడు తోడు పెట్టింది. ఖాజా సాబ్ పొట్లం కట్టాడు, చివర్లో ఆయన కొడుకు కట్టాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం గట్టు మీద తనిఖీ ముగించుకుని వచ్చి, వసారాలో పడుకుని మళ్ళీ లేవలేదు. కబురు తెలిసి నేను వెళ్ళాను. కాలవ గట్టున పూడ్చిన చోటు చూపించి, సుబ్బాయమ్మ నాకు మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. తల అక్కడక్కడ నెరిసింది.

"మీకొక సంగతి చెప్పాలండి. ఇన్నాళ్ళూ భయపడి చెప్పలేదు," అంది. "ఆ రోజు మీరు సూది తెచ్చిన రోజు, వంట ఎందుకంత ఆలస్యమైందో తెలుసాండీ?"

"పొయ్యి మండలేదు కదమ్మా."

"మండనివ్వలేదండి. ఎండు కట్టెలు వసారా నిండా ఉన్నాయి. నేను కాలవ గట్టున అప్పుడే నరికిన తుమ్మకొమ్మలు తెచ్చి పెట్టాను. పొగ రావాలి, మంట రాకూడదు. నాలుగింటి బస్సు అందుకోవాలని మీరు వెళ్ళిపోతారు, ఆ పూటకి నా కుక్క బతుకుతుందని. అంతేనండి. మీరు లోపలికి వచ్చి దాకలోకి చూస్తారని నేను కలగన్నానా?"

సాయంత్రం పూటకని తీసిపెట్టిన పొట్లం నాకప్పుడు గుర్తొచ్చింది. కడుపు నిండా పెట్టి పంపిస్తానని ఆమే అంది. మరి సాయంత్రానికి మందు ఎందుకు దాచింది? సాయంత్రం ఉండదని ఆమె ఒక్క క్షణం కూడా ఒప్పుకోలేదు. ఏడేళ్ళుగా అది నా కళ్ళ ముందే ఉంది, నాకు కనబడలేదు.

అప్పటికి ఆ కథ నేను ఎందరికి చెప్పానో లెక్క లేదు. ఆఖరి నిమిషంలో గాడి చూసి కుక్కను బతికించానని చెప్పేవాణ్ణి. పెద్ద డాక్టరుకూ అలాగే చెప్పాను. నిజానికి నేను గాడి చూడటానికి వెళ్ళలేదు. బస్సు తప్పిపోతుందని కోప్పడటానికి వెళ్ళాను. ఆమె పచ్చి కట్టెలు పెట్టకపోయి ఉంటే, రెండింటికల్లా నా పని ముగించుకుని, కిటికీ పక్క సీటులో బళ్ళారికి తిరిగొచ్చి ఉండేవాణ్ణి.

అందుకే ఇంత రాశాను. మీ చేతిలో సూది ఉన్న రోజు, ఎవరైనా "కాస్త ఆగండి" అంటే ఆగండి. బస్సు రేపు కూడా ఉంటుంది.